చేప బతికితే నీరు మంచిదేనా?

పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ నీటిని 500 రెట్లు పలుచన చేసి రెయిన్‌బో ట్రౌట్ చేపలను ఉంచితే, కాలేయంలో జన్యువుల పనితీరు, రక్తంలో ఫాస్ఫేట్ మారిపోయాయని 2009లో తేలింది. మన నిబంధన మాత్రం వ్యర్థజలంలో 96 గంటలకు 90 శాతం చేపలు బతికితే చాలంటుంది. బతకడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. నాలుగు రోజుల్లో చావని చేప ఎదుగుదల ఆగినా, గుడ్లు పెట్టకపోయినా ఆ పరీక్షకు తెలియదు.

ట్రౌట్ చల్లని నీటి విదేశీ చేప, మన చేపలకు ఆ ఫలితం ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కొర్రమీను, బొచ్చె, శీలావతి మీద దీర్ఘకాల పరీక్షలు మన విశ్వవిద్యాలయాలే చేయాలి. ఏరులో కలిస్తే విషం పలచబడుతుందన్న వాదన 500 రెట్ల దగ్గరే వీగిపోయింది. ఉపాధి, చౌక మందులు అవసరమే, కాదనను. కానీ ఆ చౌకధరలో చేపలు పట్టి బతికేవారి నష్టం లెక్కకు రాలేదు. ఇది పటాన్‌చెరుతో ఆగే సమస్య కాదు: అనకాపల్లి జిల్లాలో పరవాడ ఫార్మాసిటీ ఉంది, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. అలాంటి చోట్ల అనుమతి షరతుల్లో చేపలపై దీర్ఘకాల పరీక్షలను ఇప్పుడే చేర్చాలి, ఫలితాలను ఊళ్లకు తెలుగులో చెప్పాలి.