“ఫ్లోటింగ్ పాయింట్ అంతే” అనే సాకు ఇక చాలు

ఫోన్ రివ్యూల్లో ప్రాసెసర్ స్పీడ్, ర్యామ్, బెంచ్‌మార్క్ స్కోర్ల గురించి పేజీలకు పేజీలు రాస్తుంటాం. ఆ ప్రాసెసర్ చేసిన లెక్క స్క్రీన్ మీదకు సరైన అంకెలుగా వస్తోందా అని మాత్రం పెద్దగా పట్టించుకోం. ఎప్పుడైనా వింత అంకె కనిపించి డెవలపర్‌ని అడిగితే రెడీగా ఒక జవాబు ఉంటుంది: “ఫ్లోటింగ్ పాయింట్ అంతే బాస్!” నన్నడిగితే, ఈ ఒక్క మాట చాటున నిజమైన బగ్‌లు ఏళ్ల తరబడి బతికిపోయాయి.

ముందు ఏది బగ్, ఏది కాదు అన్నది తేల్చుకుందాం.

0.1కి 0.2 కలిపితే చాలా ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లు 0.30000000000000004 అని చూపిస్తాయి. ఇది బగ్ కాదు. 1ని 3తో భాగిస్తే 0.333... అంటూ ఎక్కడా ఆగదు కదా, 0.1 కూడా బైనరీలో అలాగే ఆగదు. 64 బిట్లలో పట్టినంత వరకే కంప్యూటర్ దాచుకుంటుంది. అలా దాచుకున్న వాటిని కలిపితే వచ్చిన విలువను ఉన్నదున్నట్టు చూపించడం నిజాయితీ.

అసలు గొడవ వేరే చోట ఉంది. మనం టైప్ చేసిన అంకెలను బైనరీలోకి మార్చడం, ఆ బైనరీని మళ్లీ అంకెలుగా మార్చి చూపించడం. ఈ పని మనం కొనే చిప్ స్వయంగా చేయదు. లాంగ్వేజ్‌తో, కంపైలర్‌తో పాటు వచ్చే రన్‌టైమ్ లైబ్రరీ చేస్తుంది. ఇక్కడ “సుమారుగా” అనే మాటకు చోటు లేదు. చదివేటప్పుడు అన్నింటికంటే దగ్గరి విలువనే ఎంచుకోవాలి. రాసేటప్పుడు, తిరిగి చదివితే అదే విలువ వచ్చేలా రాయాలి. అనవసరమైన అంకెలు తగిలించకూడదు.

జావా సంగతే చూడండి. 2 × 10²³ అనే నంబర్‌ను ప్రింట్ చేయమంటే 1.9999999999999998 × 10²³ అని చూపించేది. రెండూ తిరిగి చదివితే ఒకే విలువకు వస్తాయి.  అంటే పొట్టి జవాబును వదిలేసి పొడవైనది ఇచ్చిందన్నమాట. ఈ లోపం 2001లోనే బగ్ లిస్టులోకి ఎక్కింది. సరిదిద్దింది ఎప్పుడో తెలుసా? 2022లో, జేడీకే 19తో. 21 ఏళ్లు!

“చివరి అంకె తేడా వస్తే కొంప మునిగిందా?” అంటారేమో. ఇదే రకం కోడ్‌లోని బగ్ 2011లో సర్వర్లనే ఆపేసింది. 2.2250738585072011 × 10⁻³⁰⁸ అనే నంబర్ ఇస్తే 32-బిట్ సిస్టమ్‌లలో పీహెచ్‌పీ అంతులేని లూప్‌లో పడిపోయేది. కొన్ని వారాలకే, చివర 2 ఉన్న దాని పక్క నంబర్‌తో జావా కూడా అలాగే హ్యాంగ్ అవుతుందని తేలింది. ఆ నంబర్ కోడ్‌లో రాసి ఉంటే జావా కంపైలర్ కూడా ఆగిపోయేది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, వైరస్ అక్కర్లేదు. నంబర్ తీసుకునే చోట ఆ అంకెలు పంపితే చాలు. అప్పుడు మాత్రం రెండింటికీ ప్యాచ్‌లు చకచకా వచ్చేశాయి. సెక్యూరిటీ ముప్పు అని పేరు పడితే రోజుల్లో ఫిక్స్, తప్పు జవాబు అంటే రెండు దశాబ్దాలు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే.

దారి తెలియక ఆలస్యమైందా అంటే అదీ కాదు. కచ్చితంగా చదవడం ఎలాగో విలియం క్లింగర్, కచ్చితంగా ప్రింట్ చేయడం ఎలాగో గై స్టీల్, జాన్ వైట్ 1990లోనే పేపర్లలో వివరించారు. “కచ్చితత్వం కోసం పోతే స్లో అవుతుంది” అన్న వాదనకూ కాలం చెల్లింది. 2018లో ఉల్ఫ్ ఆడమ్స్ తెచ్చిన ర్యూ లాంటి పద్ధతులు కచ్చితంగానూ ఉంటాయి, వేగంగానూ ఉంటాయి.

ఇంకో వాదనలో కొంత న్యాయం ఉంది. ప్రింట్ అయ్యే అంకెలు మారితే పాత ఫైళ్లతో పోల్చి చూసే టెస్టులు ఫెయిల్ అవుతాయి. నిజమే. కానీ దానికి మందు మార్పు గురించి ముందే చెప్పడం, అంతేగానీ తప్పును అలాగే మోయడం కాదు. జేడీకే 19 రిలీజ్ నోట్స్‌లో పాత, కొత్త జవాబులు రెండూ పక్కపక్కన ఇచ్చారు. అలా చేస్తే సరిపోతుంది.

మీరు యాప్‌లు రాసేవారైతే మూడు పరీక్షలు పెట్టండి. రాసిన నంబర్‌ను తిరిగి చదివితే ప్రతి బిట్ కలవాలి. 64-బిట్ నంబర్‌కు 17 అంకెలు మించి అవసరం పడకూడదు. ఎంత విచిత్రమైన ఇన్‌పుట్ ఇచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా జవాబివ్వాలి. ఇక డబ్బు లెక్కలంటారా, వాటిని పైసల్లో పూర్ణ సంఖ్యలుగా దాచుకోవడమే మేలు.

యాప్‌లు వాడేవారైతే, ఈసారి తప్పు అంకె కనిపించినప్పుడు “అంతే బాస్” అన్న జవాబుతో ఊరుకోకండి. లెక్కలో వచ్చిన తేడానా, చూపించడంలో వచ్చిన తేడానా అని ఒక్క ప్రశ్న వేయండి. రెండోదైతే అది బగ్. దాన్ని ఫిక్స్ చేయాల్సిందే.