మార్పు దోషం కాదు, మూలాన్ని మరుగుపరచడం దోషం



ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితునికి మేజోళ్ళ అల్లికతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చును. నవ్వండి. కాని ఊలు, సూదులు చేతబట్టిన వారి మధ్య నడిచే వాదమూ, మన సాహిత్యంలో వేయేళ్ళుగా నడుస్తున్న వాదమూ ఒకటే కనుక నాకు ఇందులో అధికారం లేకపోలేదు.

వాదం ఇది. ఎవరో కూర్చిన లేసు మేజోడు నమూనా ఒకటి మనకు ఎంతో నచ్చింది. దానిని మన పాదానికి, మన వాతావరణానికి తగినట్లు మార్చుకొన్నాము. ఇది అపచారమని ఒక వర్గం అంటుంది. కూర్చినవారు ఎట్లు వ్రాశారో అట్లే అల్లాలి, లేకుంటే మానుకోవాలి అని వీరి శాసనం. మార్చాను కనుక ఇక అది నాదేనని రెండవ వర్గం అంటుంది. ఈ ఇద్దరి మాటా నాకు సమ్మతం కాదు.

మొదటివారి సంగతి చూద్దాము. లేసు అల్లికలో రంధ్రం ఊరికే పడదు. నూలును సూదిపై ఒక చుట్టు అదనంగా చుడితే ఒక కుట్టు పెరుగుతుంది. పక్కనే రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లితే ఒకటి తరుగుతుంది. పెరిగినది తరిగినదానితో సరిపోతేనే వరుస నిలుస్తుంది. ఎనిమిది కుట్లకొక ఆవృత్తిగా 64 కుట్ల మేజోడు ఉన్నదనుకోండి. పాదం లావైనవారికి ఒక ఆవృత్తి పెంచితే 72 అవుతుంది. పిక్క చుట్టూ తొమ్మిది ఆవృత్తులు చక్కగా కుదురుతాయి. చిక్కంతా మడమ దాటిన తరువాతనే. అరికాలి కింద రంధ్రాలుంటే త్వరగా చిరుగుతాయి కనుక లేసు పాదం పైభాగానికే పరిమితం. 72లో సగం 36. దానిలో నాలుగు ఆవృత్తులు పోగా నాలుగు కుట్లు మిగులుతాయి. వాటిని ఇరువైపులా రెండేసి సాదాగా అల్లవలె, లేదా పైభాగానికి 40, అరికాలికి 32గా పంచవలె. ఇది లెక్క తెలియనివారు చేయగల పని కాదు.

మా జడ్చర్ల వంటి ఎండల సీమలో మరొక చిక్కున్నది. మా పాలమూరు గొర్రె ఉన్ని గరుకు. అది చింతగింజల గంజి పట్టించిన గొంగడికి తగును గాని మేజోటికి తగదు. చలిదేశపు ఊలు ఇక్కడ కాలికి ఉడుకు. కనుక నూలు దారంతో అల్లాలి. ఊలుకున్నంత సాగే గుణం నూలుకు లేదు. కుట్ల సంఖ్య గాని, సూది లావు గాని తగ్గించకపోతే పై అంచు వదులై మేజోడు జారిపోతుంది. ఉన్నది ఉన్నట్లు అల్లమనేవారు ఈ జారిపోయే మేజోటిని తొడుక్కొని తిరుగుదురా?

మన ఛందస్సును చూడండి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతి. మొదటి గురువును తొలగించి ఆ స్థానంలో రెండు లఘువులు ఉంచండి, తక్కినదేమీ కదపవద్దు. అక్షరాలు 21 అవుతాయి, యతి పదకొండవ అక్షరానికి జరుగుతుంది. అది చంపకమాల. శార్దూలానికి ఇదే చికిత్స చేస్తే మత్తేభం పుడుతుంది. దీనిని అపచారమన్న లాక్షణికుడు ఉన్నాడా? లెక్క తెలిసి చేసిన మార్పు నమూనాకు అవమానం కాదు, దానిని అర్థం చేసుకొన్నామనడానికి నిదర్శనం.

ఇక రెండవవారు. వీరితోనే నాకు అసలు తగవు. పెద్దన మార్కండేయపురాణంలోని చిన్న కథను మనుచరిత్రగా పెంచాడు. మార్పులకు కొదవ లేదు. అయినను ఆ కథ మార్కండేయపురాణానిదని అవతారికలోనే చెప్పించాడు. నన్నయ వ్యాసుని స్మరించాడు. మూలం చెప్పినందున వీరి కీర్తికి వచ్చిన లోపమేమి? నాలుగు కుట్లు జరిపినవారికి మాత్రం మూలకర్త పేరు చెప్పడం బరువైపోయింది!

ఇది కేవలం మర్యాద విషయమైతే ఇంతగా వ్రాయను. దీని వెనుక కూలి ఉంది, కూడు ఉంది. నరసాపురం లేసు సంగతి తీసుకోండి. అక్కడిది కొక్కెపు సూదితో చేసే నూలు అల్లిక, మేజోటిది జోడుసూదుల అల్లిక. పనిముట్లు వేరు, జరిగే అన్యాయం ఒకటే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఆ విద్యను గోదావరి తీరపు స్త్రీలు తమ చేతిలోనికి తెచ్చుకొన్నారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథంలో వీరి స్థితిని వివరించారు. సరుకు ప్రపంచ విపణికి పోతుంది, వ్యాపారం పురుషులది, అల్లిన స్త్రీ మాత్రం తీరిక వేళలో చేతిపని చేసుకొనే గృహిణి! ఆమెను శ్రామికురాలని పిలవకపోవడమే ఆమె కూలిని అణచివేసిన ఉపాయం.

ఇప్పుడాలోచించండి. దారం మందం మారితే పువ్వు కొలత మారుతుంది. పువ్వు కొలత మారితే అతుకుపని లెక్క తప్పుతుంది. ఆ లెక్కను సరిదిద్దేది ఎవరు? పట్టీ రాసుకొనే షావుకారు కాదు, సూది పట్టిన చేయి. ఆ దిద్దుబాటుకు కూలి కట్టినవారెందరు? మార్పు ఆమెది, పేరు మరొకరిది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషం. మా ప్రాంతపు పోచంపల్లి ఇక్కత్తుకు 2005లోనే వచ్చింది. కాని 1999 నాటి ఆ చట్టం ఊరి పేరును కాపాడుతుంది గాని కూలి రేటును నిర్ణయించదు, నమూనా దిద్దిన మనిషి పేరును నిలపదు. ఇక్కత్తు నమూనాను మిల్లుగుడ్డపై అచ్చువేసి అమ్మడాన్ని కూడా కొందరు మార్పు అనే అంటారు. నూలును ముడివేసి, అద్దకం వేసి, మగ్గంపై లెక్క కలిపిన శ్రమనంతా తుడిచివేసి పై రూపాన్ని ఎత్తుకుపోవడం మార్పు కాదు, అపహరణ. షెట్లాండు లేసు, హాప్సలు లేసు అని ప్రపంచంలో కూడ ఊళ్ళ పేర్లే మిగిలాయి. అల్లిన వనితల పేర్లు దాదాపుగా లేవు.

కనుక నేననేది మూడు మాటలు. నచ్చిన నమూనాను నిస్సంకోచంగా మార్చండి. మార్చినప్పుడు మూలం ఎవరిదో, మార్పు ఏదో విడివిడిగా వ్రాయండి. అమ్మే సరుకైతే నమూనా దిద్దిన పనికి వేరుగా కూలి కట్టి, ఆమెకు సమ్మతమైతే చీటీపై ఆమె పేరు వేయండి.

ఇంత చిన్న మేజోటికి ఇంత రభస ఎందుకని అడిగేవారికి నా జవాబు ఒకటే. పద్యానికి కవి పేరు లేకపోతే చాటువని సరిపెట్టుకొంటాము. పూటకూలికి అల్లిన చేతికి పేరు లేకపోతే సరిపెట్టుకోవలసి వచ్చేది మనం కాదు, ఆమె.

స్వస్తి.