దెబ్బల ఖర్చు ఎవరి పద్దులో?

ఒక మిరప కోతల కాలంలో జగ్గయ్యపేట దగ్గర ఒక ఊళ్లో ఓ స్త్రీ ఇంటికి వెళ్లాను. కుడి చేతికి కట్టు ఉంది. ఏం జరిగిందని అడిగితే ఆమె లెక్క చెప్పింది. నందిగామ వెళ్లడానికి ఆటో, ఎక్స్‌రే, కట్టు, మందులు, నెలన్నర కోతకు వెళ్లక పోయిన కూలి. "ఆయన తాగిన డబ్బులు వేరే అక్కా, అవి నేను లెక్కెయ్యను" అంది.

ఆ వేరే లెక్కను ప్రభుత్వం మాత్రం జాగ్రత్తగానే వేసుకుంటుంది. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షలు. దరఖాస్తులు 90 వేలకు చేరువయ్యాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు జమ. ఆపైన ఊరి జనాభాను బట్టి 50 లక్షల నుంచి 85 లక్షల దాకా లైసెన్సు ఫీజు. ఇందులో ఆ చేతి కట్టు ఖర్చు ఏ పద్దులో ఉంది?

తాగే ప్రతివాడూ కొట్టడు, తాగనివాళ్లూ కొడతారు. హింసకు మూలం మగవాడి అధికారంలో ఉంది, సీసాలో కాదు. కానీ సీసా ఆ అధికారానికి పదును పెడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తరచూ తాగే భర్తలున్న స్త్రీలలో దాదాపు 70 శాతం మంది హింసకు గురయ్యారు. భర్త తాగని ఇళ్లలో ఇది నాలుగోవంతు లోపే.

నష్టం కలిగించే వ్యాపారమే ఆ నష్టాన్ని భరించాలనడం కొత్త మాటేమీ కాదు. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి తవ్వుతారు. 2015 గనుల చట్ట సవరణ తర్వాత లీజుదారులు రాయల్టీకి అదనంగా జిల్లా ఖనిజ నిధికి చెల్లించాలి. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం. మన పిల్లలెందరో బతుకుతున్న అమెరికాలో తుపాకుల మీద ఇదే వాదన నడుస్తోంది. అక్కడి కేంద్ర ప్రభుత్వం తుపాకుల పన్నును 1937 నుంచి వన్యప్రాణుల రక్షణకు ఇస్తోంది. తుపాకికి బలయ్యే మనుషుల కోసం కాలిఫోర్నియా రాష్ట్రం 2024 జూలై నుంచి తుపాకులు, తూటాలు అమ్మే, తయారుచేసే వారిపై 11 శాతం పన్ను వేసింది. దాన్ని హింస నివారణకు కేటాయించింది. మనుషులు గుర్తుకు రావడానికి ఎనభై ఏళ్లు దాటాయి.

మన రాష్ట్రమూ 2024 అక్టోబరులో మద్యంపై 2 శాతం సెస్సు వేసింది. మాదకద్రవ్యాల నియంత్రణకు, వ్యసన విముక్తికి అన్నారు. నష్టం ఉందని ఒప్పుకున్నందుకు సంతోషమే. కానీ తాగేవాడికి చికిత్స ఉంది. దెబ్బ తిన్నదానికి ఏముంది?

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. 2021లో చట్టం సవరించి బెవరేజెస్ కార్పొరేషన్‌కు అమ్మ ఒడి, ఆసరా, చేయూత పథకాల బాధ్యత అప్పగించారు. 2022లో ఆ సంస్థ బాండ్ల మీద 8,305 కోట్లు అప్పు తెచ్చింది. స్త్రీల పథకం నడవాలంటే మగవాళ్లు తాగుతూనే ఉండాలన్నమాట! సీసాకింత అని వసూలు చేసే ఏ నిధికైనా ఈ ప్రమాదం ఉంది. అమ్మకం పెరిగితేనే ఆశ్రయగృహానికి అన్నం అంటే, అమ్మకం తగ్గాలని ఎవరు కోరుకుంటారు?

1992లో దూబగుంట స్త్రీలు వాటా అడగలేదు, దుకాణం మూయమన్నారు. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. నిధి అడగడమంటే దుకాణాన్ని ఒప్పుకోవడమే కదా అని కొందరు మిత్రులు నన్ను నిలదీశారు. వారి అనుమానం న్యాయమైనదే. అయితే 2019 తర్వాత ఇక్కడ ధరలు పెంచితే తెలంగాణ సీసాలు గరికపాడు దాటి వచ్చాయి. దుకాణం మూసే పోరాటం గెలిచేదాకా ఆ చెయ్యి విరుగుతూనే ఉంటుంది. ఆ ఖర్చు ఆమె ఎందుకు మొయ్యాలి?

కాబట్టి మనం అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. ప్రతి దుకాణం లైసెన్సు ఫీజులోంచి నిర్ణీత వాటా తీయాలి. అది అమ్మకాలతో ముడిపడకూడదు. ఆ డబ్బు ఆ మండలంలోనే వైద్యానికి, పోయిన కూలికి, ఆశ్రయానికి, 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి పనికి ఖర్చు కావాలి. లెక్కలు గ్రామసభలో స్త్రీల ముందు చదవాలి. దుకాణం ఎక్కడ ఉండకూడదో చెప్పే హక్కు ఆ ఊరి స్త్రీలకే ఉండాలి.

ఇది పరిహారం, దయ కాదు. మన సంఘాలు ఇప్పటినుంచే ఊరూరా ఆటో చార్జీ దగ్గర్నుంచి ఈ ఖర్చులు రాసి పెట్టాలి. ఆమె వెయ్యనన్న ఆ లెక్క కూడా అందులో చేరాలి.