ఊరికో చైన్ పుల్లీ కావాలి



మూడేండ్ల కింద రోహిణి కార్తెలో మా ట్రాక్టర్ గేర్ పడటం మానేసింది. పసుపు విత్తనం వాకిట్లో కుప్ప పోసి ఉంది, తొలకరి ఎదురుగా ఉంది. వర్క్‌షాపుకు తోలితే వారం పైన పడుతుందన్నారు. ఊళ్లో మిస్త్రీని పిలిచి ఇంటి దగ్గరే విప్పుదామనుకున్నాం. మా దగ్గర ఉన్నవి రెండు సీసా జాకీలు, నాలుగు టేకు మొద్దులు, వేపకొమ్మకు కట్టిన నైలాన్ మోకు. బోల్టులు ఊడదీసినంక ఒక జాకీ కొంచెం కొంచెంగా కిందికి దిగింది. మేం గమనించలేదు. ముందు భాగం ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. నా ఎడమ చేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. మిస్త్రీ పాన అందుకోవడానికి అప్పుడే పక్కకు జరిగాడు, లేకుంటే అతని తల అక్కడే ఉండేది.

తప్పు మాదే. అయితే ఆ తప్పు మా ఒక్కరిదే కాదు. మోర్తాడ్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇదే పద్ధతి. దమ్ము చక్రాలతో బురదలో తిరిగి, ట్రాలీ నిండా లోడు లాగి క్లచ్చులు, గేర్లు తొందరగా అరుగుతున్నాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక చెరుకు రైతుల బండ్లకు దూరభారం కూడా తోడైంది. బండి పనికి వచ్చే రోజుల్లోనే ఆగుతుంది. అందుకే ఇంటి దగ్గర విప్పొద్దని నేను చెప్పను. దేనితో ఎత్తాలో తెలిసి విప్పమంటాను.

ముందు ఒక సంగతి. జీపుకు, కారుకు కింద చాసిస్ ఉంటుంది. గేర్‌బాక్స్ విప్పి కిందికి దించితే బండి అట్లనే నిలబడుతుంది. మన ట్రాక్టర్లలో చాలావాటికి చాసిస్ లేదు. ఇంజను, గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్ బోల్టులతో కలిసి అవే బండికి వెన్నెముక. గేర్‌బాక్స్ తీయడమంటే వెన్ను విరిచినట్టే. ముందు సగం, వెనక సగం దేనికదే పడిపోయేందుకు సిద్ధంగా ఉంటాయి. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది కాబట్టి ఇంజను ఎటైనా ఒరగొచ్చు. ఇరుసుకు, దాని బ్రాకెట్‌కు మధ్య రెండు దిక్కులా గట్టి కట్టె చీలికలు బిగించనిదే ఒక్క బోల్టు కూడా వదులు చేయొద్దు. మేం మరిచింది ఇదే.

ఇక పరికరాలు. సీసా జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. లోపలి సీలు అరిగితే నూనె కారుతూ మెల్లగా దిగుతుంది. జాకీతో ఎత్తాక ఇనుప స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. జేసీబీ బకెట్‌కు వేలాడదీసేవాళ్లను చూశాను. గేర్‌బాక్స్ షాఫ్టును క్లచ్ ప్లేటు పండ్లలోకి ఎక్కించేటప్పుడు వెంట్రుకవాసి కదలిక కావాలి. జేసీబీ లీవరు కొంచెం ఎక్కువ తాకితే జానెడు కదులుతుంది. మధ్యలో చెయ్యి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? మోకు సాగుతుంది, ఇనుప అంచుకు తగిలితే కోసుకుపోతుంది. చెట్టుకొమ్మ బలమెంతో ఎవరూ తూచలేదు.

ఇంటి పనికి సరైనది చైన్ పుల్లీ. చేతిగొలుసు వదిలేసినా బరువును లోపలి బ్రేకు పట్టి ఆపుతుంది. గుప్పెడు గుప్పెడుగా లాగితే నూలు పోగంత కదుపుకోవచ్చు. నలభై, యాభై హార్స్‌పవర్ ట్రాక్టర్ బరువు దాదాపు రెండు టన్నులు. అందులో సగం ఎత్తినా టన్ను చుట్టూ ఉంటుంది. కాబట్టి రెండు టన్నులకు తక్కువది తీసుకోవద్దు. కొనేటప్పుడు దాని మీద ఎన్ని టన్నులో, ఐ.ఎస్. 3832 గుర్తు ఉందో చూడండి. కొక్కేనికి నాలుక ఉండాలి. నోరు తెరుచుకున్న కొక్కెం, సాగిన గొలుసు ఎంత చవకగా వచ్చినా వద్దు.

బోరు మోటార్లు తీసే మూడు కాళ్ల స్టాండు చాలా ఊళ్లలో ఉంది. దానికే తగిలిద్దామంటారు కొందరు. కాళ్లు ట్రాక్టర్ వెడల్పుకు సరిపడా చాపగలిగితే, పైపు సన్నది కాకుంటే సరే. కాళ్లు జారకుండా కింద మూడింటినీ గొలుసుతో కట్టాలి. మొరం నేలైతే కాళ్ల కింద దిట్టమైన పలకలు వేయాలి. ఇంకా మంచిది, రెండు పక్కలా కాళ్లున్న గడ్డరు స్టాండు. ఊళ్లో వెల్డింగ్ షాపులోనే చేయించుకోవచ్చు. బరువు వేలాడుతుండగా దాని కింద మనిషి ఉండకూడదు, పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు.

"మా తాతల నాటి నుంచి మోకుతోనే ఎత్తాం, ఏమైంది?" అని అడిగేవాళ్లకు నా ఎడమ చెయ్యి చూపిస్తాను. ఫ్యాక్టరీలో బరువెత్తే గొలుసును, పుల్లీని ఏడాదికి ఒక్కసారైనా పరీక్ష చేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే రాశారు. రైతు వాకిట్లో ఆ పరీక్ష ఎవరు చేస్తారు? 2018లో వచ్చిన రైతుబీమా రైతు చనిపోతేనే ఇంటివాళ్లకు అయిదు లక్షలు ఇస్తుంది. చెయ్యి పోతే పైసా రాదు. పట్టా లేని కౌలుదారుకు, మిస్త్రీకి అదీ లేదు.

అందుకే ఒక ఇంటివాడు కొనలేనిది ఊరు కొనాలి. ట్రాక్టర్ ఉన్న పది ఇండ్లు కలిస్తే ఒక పుల్లీ, ఒక స్టాండు, నాలుగు ఇనుప గుర్రాలు పెద్ద భారం కాదు. యంత్రాల అద్దె కేంద్రాలకు సర్కారు సబ్సిడీతో ట్రాక్టర్లు, రొటవేటర్లు వచ్చాయి. వాటిని బాగు చేసుకునే సామానూ ఆ లెక్కలో ఉండాలని, సొసైటీల్లో అద్దెకు దొరకాలని మన సంఘం అడగాలి. వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ మాట ఎత్తండి. తొలకరి దాకా ఆగొద్దు.