కారుచున్న కారు

మా ఖాజీపేట ప్రాంతమున పాత మోటారుకార్లు గలవారిలో ఒక దురభ్యాసము గలదు. బండి తీయుటకు ముందు రేడియేటరులో చెంబెడు నీళ్లు పోయుదురు. చమురు తగ్గినచో అర లీటరు పోయుదురు. ఇంక భయము లేదని బయలుదేరుదురు. ఇది మరమ్మతు కాదనియు, మరమ్మతును వాయిదా వేయుట మాత్రమే యనియు మా దృఢాభిప్రాయము. పరులను నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆ తప్పు చేసినవారిలో మేమే మొదటివారము.

మాకొక పాత అంబాసిడరు కారు కలదు. కోల్‌కతా చెంతనున్న ఉత్తరపారలో ఈ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. కావున ఉన్నదానిని కాపాడుకొనుటయే మా వంతు. గత వేసవిలో ఒక మధ్యాహ్నము పొరుగింటి ముసలితల్లిని కడప ఆసుపత్రికి తీసికొనిపోవుచుంటిమి. అప్పటికి రెండు నెలలుగా ప్రతి ఉదయమును నీళ్లు పోయుచునే యుంటిమి. దారిలో బానెట్టు క్రిందనుండి ఆవిరి లేచినది. చిత్రమేమనగా, వేడిమిని చూపు ముల్లు క్రిందికి దిగియుండెను. నీరు పోయిన పిదప వేడిని కొలుచు సాధనము వట్టి గాలిలో నుండుటచే ముల్లు అబద్ధము చెప్పినది. ఆ తల్లిని చెట్టునీడను కూర్చుండబెట్టి, మఱియొక బండిని ఆపి పంపితిమి. ఆమె క్షేమముగా తిరిగివచ్చినది. అయినను ఆ అరగంట మాకు మరపురాదు.

మరునాడు వచ్చిన మేస్త్రి ఒక్క మాట యనెను: “నీళ్లు పోసుకుంటా పోతే ఎన్నాళ్లు, అయ్యవారూ? యాడ పోతాండాయో సూడల్ల గదా!”

చూచుట కొక క్రమము గలదు. ఇంజను చల్లారిన పిదపనే రేడియేటరు మూత తీయవలెను. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే 100 డిగ్రీలు దాటియు మరగక యుండును. వేడిమీద మూత తీసినచో ఒక్కసారిగా పొంగి ముఖము కాల్చును. ఇంజనును తుడిచి, రాత్రి దాని క్రింద అట్టముక్క పరచినయెడల ఉదయమున మరకలే సాక్ష్యము చెప్పును. పచ్చగానో ఎఱ్ఱగానో నుండునది కూలెంటు. నల్లగా జిడ్డుగా నుండునది ఇంజను ఆయిలు. చమురు పైన కారి, గాలికి వెనుకకు పాకి, వేఱొకచోట బొట్లు వేయును. కావున బొట్టు పడినచోటు గాక, తడి మొదలైన పైచోటు వెదకవలెను. ఆయిలు మజ్జిగవలె తెల్లబారినచో నీరు అందు కలియుచున్నదని గ్రహించి, బండి నడుపుట మానవలెను.

మా బండిలో నీరు వాటరుపంపు అడుగుననున్న చిన్న రంధ్రమునుండి పోవుచుండెను. దానిని మూయుదమా యని అడుగగా మేస్త్రి నవ్వెను. లోపలి సీలు అరిగినదని తెలుపుటకే ఆ రంధ్రము నుంచుదురట! ఇక ట్యాపెట్టు కవరు గాస్కెట్టును రెండు పర్యాయములు మార్పించినను చమురు కారుట మానలేదు. బ్రీదరు గొట్టము మడ్డితో పూడిపోయి, లోపలి ఒత్తిడి చమురును బయటికి నెట్టుచున్నదని అప్పుడు తెలిసినది. గొట్టము శుభ్రపఱచిన పిదప మూడవ గాస్కెట్టు నిలిచినది. గట్టిగా బిగించిన కొలది మేలనుకొనుటయు పొరపాటే. కార్కు గాస్కెట్టు నలిగి చీలును.

లీకు నాపు పొడులు దారిలో చిక్కినవానిని ఇల్లు చేర్పవచ్చును గాని, అవి రంధ్రముతోపాటు రేడియేటరు సన్నని గొట్టములనుగూడ పూడ్చగలవు. మన సీమ సున్నపురాతి సీమ. బోరునీరు కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టుట తల్లులెఱుగుదురు. అదే పొర రేడియేటరులోను కట్టును. కాబట్టి డిస్టిల్డు వాటరు కలిపిన కూలెంటే పోయవలెను. సాధారణముగా అది తియ్యగా నుండు విషము. బిడ్డలకును కుక్కలకును అందనీయరాదు. వాడిన చమురును కాలువలో పారబోయక మేస్త్రి పీపాలో పోయింపవలెను.

కర్నూలు-కడప కాలువ క్రింద సేద్యము చేయు రైతు, గట్టున ఎండ్రకాయ బొక్క కనబడినచో పైనుండి మఱికొంత నీరు వదలుమని కోరడు. పార తీసికొని, బొక్క మొదలు చూచి, మట్టి కూరును. ఆ బుద్ధి బండి విషయమున మనకేల లేదు?

తలిదండ్రులకొక మనవి. సామాను వెల కొద్ది, కూలి యెక్కువ యని మేమును మొదట గొణిగితిమి. అది న్యాయము కాదు. వెదకిన కాలమునకు కూలి యియ్యనివానికి వెదకు పనివాడు దొరకడు. పోసి పంపువాడే దొరకును. విద్యార్థులారా, చేతులకు నల్లని జిడ్డంటిన ఆ మేస్త్రి మాకు నేర్పినది మంచి పాఠము. దానిని మీరు తరగతిగదిలోను మరువకుడు.

ఈ యేడు ఆ ముసలితల్లిని మరల కడపకు తీసికొనిపోయితిమి. బయలుదేరుటకు ముందు నీటిమట్టమును చమురుమట్టమును చూచితిమి. పోయవలసిన పని లేకపోయెను.