పేట బాణి – అడుగని ప్రశ్నలు

చిలకలూరిపేట అనగానే సంగీతజ్ఞులకు స్ఫురించేది నాదస్వరం. కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా తండ్రి వద్ద అభ్యసించి, పిదప పేటలో షేక్ ఆదం సాహెబును ఆశ్రయించారు. అటుపైన నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద తంజావూరు పద్ధతిని గ్రహించారు. 1998లో సంగీత కళానిధి అయ్యారు.

ఇట్టి విద్వాంసులతో పత్రికలు జరిపే ముఖాముఖీలలో, నేను చూచినంతవరకు, మొదటి ప్రశ్న ఒకటే: ముస్లిములై ఉండి దేవాలయాలలో ఎట్లా వాయిస్తారు? తరచు అదే చివరి ప్రశ్న కూడా. రాగాలాపనలో పేట బాణికీ తంజావూరు బాణికీ భేదమేమి, గమకంలో ఊపిరి పాలెంత, వ్రేళ్ల పాలెంత, శిష్యునికి తొలిపాఠమేది అని అడిగేవారు అరుదు.

సమీక్షల సంగతి సరేసరి. తాళపత్రంలోని ఒక్క పాఠాంతరానికి అరపుట అధోజ్ఞాపిక వ్రాసే మనమే, ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు రెండు రీతుల వాయిస్తే ‘శ్రావ్యంగా సాగింది’ అని దాటవేస్తున్నాము. లక్షణగ్రంథాలు మనకెందుకు మరి?

మౌలానా 1999లో గతించారు. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటింపబడింది. గురువును అడుగనివి వారినైనా అడుగవచ్చును.