వంకరలోని ఒడుపు

బైనాక్యులర్ కొందామని దుకాణానికి వెళితే రెండు రకాలు ముందు పెడతారు. ఒకటి భుజాలు విరిచి నిలబడ్డ వస్తాదులా ఉంటుంది. ముందు అద్దాలు ఎడంగా, కంటి అద్దాలు దగ్గరగా. రెండోది జంట వేణువుల్లా సన్నగా, తిన్నగా ఉంటుంది. పిల్లలూ పెద్దలూ రెండోదాన్నే ముచ్చటపడతారు. డబ్బు తీసే ముందు లోపలి సంగతి కాస్త తెలుసుకుందాం.

దుర్భిణి ముందుండే కుంభాకార కటకం దూరపు వస్తువును తలకిందులుగా చూపిస్తుంది. కుడి ఎడమలు కూడా తారుమారే! చంద్రుణ్ణి చూసేవారికి ఫరవాలేదు గాని, చెట్టు మీది పిట్టను చూసేవారి గతేమిటి?

ఈ చిక్కును ఇటలీ దేశస్థుడు ఇగ్నాజియో పోరో 1854లో విప్పాడు. రెండు గాజు పట్టకాలను ఒకదానికొకటి అడ్డంగా అమర్చాడు. ఒకటి పైకిందులను సరిచేస్తే, రెండోది కుడి ఎడమలను సరిచేస్తుంది. వింతేమంటే, వీటి వెనుక అద్దానికున్నట్టు పూత ఉండనక్కరలేదు. గాజులోంచి గాలిలోకి పోబోయే కిరణం, తలానికి గీసిన లంబంతో సుమారు 41 డిగ్రీలకు మించిన కోణంలో తగిలితే బయటపడలేదు; మొత్తం వెనక్కే మళ్లుతుంది. పోరో పట్టకంలో అది 45 డిగ్రీలతో తగులుతుంది. అందుకే వెలుతురు వృథా కాదు. కాంతి ఇలా నాలుగుసార్లు మళ్లడంవల్లనే ఆ వంకర నడుము. జర్మనీలోని జైస్ సంస్థ 1894లో ఈ పద్ధతితో బైనాక్యులర్లు అమ్మకానికి పెట్టింది.

తిన్నటి రకంలో ఉండేది రూఫ్ ప్రిజం. ఇంటి కప్పులా రెండు వాలు తలాలు కలుస్తాయి కనుక ఆ పేరు. కప్పు కోణం ఖచ్చితంగా 90 డిగ్రీలుండాలి. డిగ్రీని 3600 భాగాలు చేస్తే, అందులో కొద్ది భాగాలు తప్పినా బొమ్మ రెండుగా చీలుతుంది. పైగా రెండు వాలుల మీదుగా వచ్చిన కాంతి తరంగాలు అడుగు తప్పి బొమ్మ పదును తగ్గుతుంది. దాన్ని సరిదిద్దే పూతను జైస్ 1988లో ప్రవేశపెట్టింది. ఎక్కువగా వాడే నమూనాలో ఒక తలానికి అద్దపు పూత కూడా కావాలి. ఇదంతా చవకగా అయ్యే పని కాదు.

కనుక చేతిలో డబ్బు తక్కువైతే వంకరదే మేలు. కొనేటప్పుడు చేయి చాచి పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, కంటి అద్దంలోని వెలుగు చుక్కను చూడండి. గుండ్రంగా ఉంటే మంచిదే. అంచులు బూడిదరంగుగా కోసినట్టుంటే పట్టకాల గాజు నాసిరకం. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, పిల్లల్ని తిప్పనివ్వకండి. కంటికి మించిన దుర్భిణి లేదు గదా!